కాగితాలు లేని ఆసుపత్రి

మా ఆసుపత్రిలో ఇక కాగితమే కనిపించదని చాటడానికి మా మేనేజరు జితేందర్ మొదట చేసిన పని, ఆ ముక్కను మూడు వందల కాగితాల మీద అచ్చు వేయించి కనబడిన ప్రతి గోడకూ అంటించడం. అది చాలదన్నట్టు గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ. అందులో పెద్ద డాక్టరు గారి ఫొటో ఒకటి, దానికంటే రవ్వంత పెద్దదిగా జితేందర్ ఫొటో ఒకటి. నవ్వు ఆపుకోలేక నేను మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లిపోయాను.

నా పేరు కల్పన. జగిత్యాలలోని ఈ ప్రైవేటు ఆసుపత్రిలో రికార్డు రూము నాది, ఇరవై రెండేళ్ల నుంచీ. నాకు నోరెక్కువ అంటారు. ఎక్కువే. ఇరవై రెండేళ్లు డాక్టర్ల చేతిరాత చదివితే ఎవరికైనా నోరు లేస్తుంది.

మాకు కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి చిన్న సెంటర్లున్నాయి. రక్తం తీసి పరీక్ష చేయడం అక్కడ, ఆపరేషన్లు ఇక్కడ. అక్కడి రిపోర్టు ఇక్కడికి ఫ్యాక్సులో వచ్చేది. ఊరంతా ఫ్యాక్సును మరిచిపోయినా మా పెద్ద డాక్టరు గారు మరువలేదు, అందుకే అది అన్నేళ్లు బతికింది. అది గొప్ప మిషనని నేననను. సగం అంకెలు మింగేది, మిగతా సగం దేవుడికే అర్థమయ్యేవి. అందుకని రోజూ మధ్యాహ్నం సిరిసిల్ల ల్యాబ్ టెక్నీషియన్ శ్రీశైలానికి ఫోన్ చేసి, ఒక్కో పేరూ ఒక్కో పరీక్షా చదివి వినిపించేదాన్ని. "ఆఁ, కరెక్టే అక్కా" అని అతను అనాలి, నేను పక్కన పెన్నుతో గీత గీయాలి. మొత్తం పావుగంట పని. జితేందర్ దానికి "టైం వేస్ట్" అని పేరు పెట్టి, ఫ్యాక్సుతో పాటు ఆ ఫోన్‌ను కూడా తీసేశాడు.

ఫ్యాక్సు పోయి స్కానరు వచ్చింది. శుక్రవారం మంచిదని ఆ రోజే దానికి పూజ. కొబ్బరికాయ కొడితే నీళ్లు ప్లగ్గు మీద చింది, డిజిటల్ యుగం మొదలైన నిమిషంలోనే అందరం వెనక్కి దూకాం.

"అక్కా, బొట్టు నువ్వే వెట్టాలె, ఇక్కడ అందర్ల పెద్దదానివి నువ్వే," అన్నాడు జితేందర్.

పెట్టాను. మూతకు పసుపు రాశాను, పైన కుంకుమ దిద్దాను. మూత ఎత్తితే లోపల తళతళమని అద్దం. మిషను మొహమంటే అదే కదా అనిపించి, నడుమ పెడితే కాగితానికి అడ్డమని, ఎంతో తెలివైనదాన్నైనట్టు ఒక అంచుకు చిన్న బొట్టు పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. జితేందర్ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

కోరుట్లకూ సిరిసిల్లకూ స్కానర్లు "వచ్చే క్వార్టర్‌ల" వస్తాయట. అందాకా ఏం చేయాలయ్యా అంటే, అక్కడ రాసిన ఫారాలన్నీ ఒక సంచిలో వేసి బస్సులో పంపాలి, మర్నాడు నేను ఇక్కడ స్కాన్ చేయాలి. ఫ్యాక్సులో రెండు నిమిషాల్లో వచ్చే కాగితం, డిజిటల్ అయ్యాక పదహారు గంటలకు వచ్చింది. ఈ లెక్క నేను పెద్ద డాక్టరు గారి ముందే చెప్పాను. ఆయన ఫ్లెక్సీలో తన ఫొటో చూసుకుంటున్నారు, వినలేదు.

స్కాన్ అయిన కాగితాలను గోనెసంచుల్లో కట్టి పాత సామాన్ల వాడికి వేసేయమన్నాడు జితేందర్. వేయలేదు. నేనేదో ముందుచూపుతో దాచానని అనుకోకండి, పాత సామాన్ల ఆటో ఆ నెల మా వైపు రాలేదు, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆపరేషనుకు ముందు చేసే పరీక్షలకు ఒక ఫారం ఉంటుంది. అందులో కింద, కుడి అంచున, "హెపటైటిస్ బి" అని ఒక గడి. అది కాలేయానికి పట్టే వైరసు. మా ల్యాబుల్లో మొదటి నుంచీ ఒకటే పద్ధతి: జబ్బు ఉంటే గడిలో టిక్కు, లేకపోతే ఖాళీ. కొత్త కంప్యూటరు ఆ గడిని తనే చదువుతుంది. గడిలో నలుపు కనబడితే పాజిటివ్ అని తనే రాసుకుంటుంది, ఇంటి ఫోనుకు తనే మెసేజి పంపుతుంది. మనిషి చూడాల్సిన అవసరమే లేదని జితేందర్ ఎంత మురిసిపోయాడో!

నెలకు ఒకరో ఇద్దరో ఉండే పాజిటివ్‌లు మూడు వారాల్లో పంతొమ్మిది అయ్యారు. బుర్ర ఉన్నవాడెవడైనా ఏమిటిది అని అడుగుతాడు. మా జితేందర్ గ్రాఫు గీయించాడు.

"అక్కా, ట్రెండ్ జూసినవా? ఎట్ల లేస్తున్నదో! మనం హెపటైటిస్ క్యాంపు వెడ్దాం. కోరుట్ల నుంచి గొల్లపల్లి దాకా ఫ్లెక్సీలు గట్టిపిద్దాం."

"ఫ్లెక్సీ మీద మల్ల నీ ఫొటోయేనా సార్?" అన్నాను. పంతొమ్మిది మందికి ఒకేసారి ఎలా వచ్చిందని మాత్రం నేనూ అడగలేదు. కంప్యూటరును తిట్టడంలో తీరిక లేకుండా ఉన్నాను.

ఆ పంతొమ్మిది మందిలో ఒకతి లసుమవ్వ. సిరిసిల్ల మనిషి, యాభై ఆరేళ్లు. భర్త శంకరయ్య సాంచాల మీద పని చేస్తాడు, ఆ ఊళ్లో పవర్‌లూమును అలాగే అంటారు. ఆమె పిత్తాశయంలో రాళ్లున్నాయి. ముద్ద మింగితే పక్కటెముక కింద పొడుచుకొస్తుంది. గురువారం గురువారం మాత్రమే వచ్చే సర్జను ఆపరేషన్ రాశాడు. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వచ్చి, ఆకుపచ్చ గౌను తొడుక్కుని కూర్చున్న మనిషిని, తెర మీద పాజిటివ్ అని చూసి లేపి ఇంటికి పంపేశారు. ముందు లివరు డాక్టరుకు చూపించుకోవాలట.

ఆమె తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుంది.

"మేడం, నాకు గా రోగం లేదు. జెర మల్లొక్కపారి చూడరాదు."

"కంప్యూటర్ల ఉంది అవ్వా. నేనేం జేసేది?" అన్నాను. అవును, నేనే అన్నాను. జితేందర్ అంటే వాడి మొహం మీద కొట్టేదాన్ని.

మళ్లీ సిరిసిల్లలో పరీక్ష చేయించుకోమన్నాను. చేయించుకుంది. ఆ ఫారం కూడా సంచిలో పడి, బస్సెక్కి, నా స్కానరు మీదికి వచ్చింది. మళ్లీ పాజిటివ్. మళ్లీ మెసేజి. లసుమవ్వకు మామూలు ఫోను కూడా లేదు, కాగితాల్లో ఇచ్చింది కోడలు తేజస్విని నంబరు. కాబట్టి ఆ వార్త రెండుసార్లూ ముందు చదివింది కోడలే.

రెండో గురువారం కూడా వెనక్కి పంపాక, తర్వాతి సోమవారం ఆమె మళ్లీ నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఈసారి చువ్వలు పట్టుకోలేదు. కొంచెం దూరంగా నిలబడింది. ఎందుకలా అని అడిగితే, "ముట్టుకుంటే మీరేమంటరో అని," అంది.

"ఏమయిందవ్వా?"

"ఏం గావాలె ఇంక. ఇంట్ల నా తల్లె, నా గిలాస వేరే వెట్టిండ్రు. బయట అరుగు మీద పండుకుంటున్న. మనుమరాలు ఉన్నది, ఎనిమిది నెల్లది. నన్ను జూసి చేతులు జాపుతది. కోడలు ఎత్తుకొని లోపలికి వోతది. అది ఏడుస్తది, నేను ఈడ ఏడుస్త."

"డాక్టరుకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఆపరేషన్ ముచ్చట అడుగు, మీ ఇంటి ముచ్చట నాకెందుకు అన్నడు."

నాకు ఒళ్లు మండింది. ఆ వైరసు నిజంగా ఉన్నా కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, పసిపిల్లను ఎత్తుకుంటే రాదు. ఇరవై రెండేళ్లు ఆసుపత్రిలో ఉన్న గుమాస్తాను, నాకు కూడా తెలుసు. ఆ ముక్క ఆ మహా డాక్టరుకు నోట్లోంచి రాలేదు. గ్రాఫులు గీసిన మహానుభావుడికి మెసేజిలో ఒక్క లైను రాయించాలని తోచలేదు. థూ!

ఆ కోపంతోనే గోనెసంచులు విప్పాను. చెమటలు కారుతూ రెండు గంటలు వెతికితే లసుమవ్వ ఫారాలు రెండూ దొరికాయి. రెండింట్లోనూ ఆ గడి ఖాళీ. వెలుతురులో పెట్టి చూశాను, తిరగేసి చూశాను. ఎక్కడా పెన్ను తగిలిన గుర్తు కూడా లేదు. వెంటనే సిరిసిల్లకు ఫోన్ చేశాను.

"శ్రీశైలం, లసుమవ్వ ఫారంల హెపటైటిస్‌కు టిక్కు వెట్టినవా, లేదా?"

"లేదక్కా. రెండుసార్లు నేనే జేసిన. ఏం లేదు ఆమెకు. ఏమాయె?"

"ఏమాయెనా? ఇక్కడ రెండుసార్లు పాజిటివ్ వచ్చింది!"

"మరి నువ్వు ఫోన్ జేస్తే చెప్తుంటి గదా. నువ్వు ఫోన్ జేసుడే బంద్ వెట్టినవాయె."

ఫోన్ పెట్టేసి, ఫారం పట్టుకుని జితేందర్ గదిలోకి వెళ్లి అతన్ని రెక్క పట్టుకున్నట్టే లాక్కొచ్చాను.

"గంతేనా? మల్ల స్కాన్ జెయ్ అక్కా, సిస్టమ్ సరి జేసుకుంటది," అన్నాడు.

చేశాను. తెర మీద ఎర్రటి అక్షరాలు: పాజిటివ్.

"జూసినవా? సిస్టమ్ తప్పు చెప్పది. మీ శ్రీశైలమే ఏదో గెలికిండు."

"కండ్లు ఏడ వెట్టినవు సార్? కాగితం జూడు. ఖాళీ. తెర మీద జూడు. గడిల నల్ల సుక్క ఉన్నది. ఈ సుక్క యాడికెల్లి వచ్చింది?"

నేను స్కానరు మూత ఎత్తాను. కాగితం తీశాను. ఆ గడి ఆనిన చోట, అద్దం అంచున, నేను పెట్టిన కుంకుమ బొట్టు.

దాచిన వస్తువేం కాదది. మూడు వారాలుగా రోజూ చూస్తున్నదే. రోజుకు నలుగురం మూత ఎత్తుతాం, నలుగురమూ చూశాం. బొట్టు తుడవకూడదు కదా అని ఒక్కరమూ ముట్టలేదు. అంతేనా, ప్రతి శుక్రవారం అది వెలిసిపోతోందని వేలు తడిపి నేనే మళ్లీ దిద్దాను. మిగతా కాగితాల మీద ఆ చుక్క ఎక్కడో అంచున పడేది, ఎవరికీ పట్టలేదు. ఈ ఒక్క ఫారంలో, అదీ కాగితం అద్దం మూలకు సరిగ్గా ఆనినప్పుడు, ఆ గడిలో పడింది. ఆ మూడు వారాల్లో నేను తిట్టని మనిషి లేడు. జితేందర్‌ను తిట్టాను, కంప్యూటరును తిట్టాను, సర్జనును తిట్టాను, ఇప్పుడే శ్రీశైలం మీద కూడా లేచాను. చేసింది నా వేలు.

తడి గుడ్డ తీసుకుని తుడవబోయాను.

"అక్కా, అక్కా, తుడుస్తవా? శుక్రవారం వెట్టిన బొట్టు. మెల్లగ జెర పక్కకు జరపరాదు," అన్నాడు పేపర్‌లెస్ మేనేజరు.

తుడిచేశాను. మళ్లీ స్కాన్ చేస్తే గడి ఖాళీగా వచ్చింది, కంప్యూటరు నెగిటివ్ అంది. జితేందర్ తల పట్టుకుని కూర్చున్నాడు. లసుమవ్వ గురించి కాదు. క్యాంపు ఫ్లెక్సీలు అచ్చుకు ఇచ్చేశాడట.

"గీ బొట్టు ముచ్చట ఎవ్వలికి చెప్పకు. సర్వర్ ప్రాబ్లమ్ అని అందరికి మెసేజ్ వెడ్దాం," అన్నాడు.

మెసేజి అతను పెట్టుకున్నాడు. నేను మిగతా ఫారాలూ సంచుల్లోంచి తీసి, పంతొమ్మిది గడులూ ఖాళీయేనని చూసుకుని, పంతొమ్మిది ఇళ్లకూ ఫోన్ చేశాను. కొందరు తిట్టారు, పడ్డాను. కొందరు ఏడ్చారు. పద్దెనిమిది మంది నమ్మారు. సిరిసిల్లలో తేజస్విని మాత్రం నమ్మలేదు.

"రెండుసార్లు పాజిటివ్ అని వచ్చింది మేడం. ఇప్పుడు సర్వర్ అంటున్నరు. రేపు మల్ల ఏమంటరో ఏమో. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. మేము ఆపరేషన్‌కు తోలియ్యం," అని పెట్టేసింది.

మర్నాడు మంగళవారం. గురువారం సర్జను వస్తాడు. అది దాటితే అతను మూడు వారాలు సెలవు. రాళ్లు నాళానికి అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుందని ఆమె కేసులో ఆయన చేత్తోనే రాసి ఉంది. సెలవు చీటీ జితేందర్ బల్ల మీద పడేసి, రెండు ఫారాలూ సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

ఆ వాడంతా సాంచాల చప్పుడు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి లసుమవ్వ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ బియ్యం ఇంటికి కాదు, ఆమె ఒక్కతే వేరుగా వండుకోవడానికి. పక్కన మూడు రాళ్ల పొయ్యి, ఒక కంచం, ఒక స్టీలు గ్లాసు. మిగతా వాటిలో కలవకుండా గ్లాసుకు గుర్తుగా తెల్లటి నూలు దారం చుట్టారు.

శంకరయ్యను పిలిపించాను. మధ్యాహ్నం షిఫ్టు నుంచి తలకంతా దూది పట్టిన మనిషి అలాగే వచ్చాడు. తేజస్విని పిల్లను చంకనేసుకుని గడపలోపలే నిలబడింది. ఫారాలు రెండూ చూపించాను. శంకరయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాగితం ఎవలన్న రాసిస్తరు మేడం. ఫోన్ల వచ్చింది గదా అసలుది," అన్నాడు.

"ఫోన్ల వచ్చింది తప్పు. గా తప్పు నేనే జేసిన," అన్నాను. మొత్తం చెప్పాను. పూజ, అద్దం, బొట్టు, శుక్రవారాలు, అన్నీ. "గీ ఏలుతోని వెట్టిన. నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి. గామెనెందుకు బయట వెట్టిండ్రు? గా రోగం ఉన్నా గూడ తల్లెల నుంచి, గిలాసల నుంచి రాదు."

వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నమ్మలేదని మొహాలే చెప్పాయి. "డాక్టర్లు గట్ల చెప్పలె గదా," అంది తేజస్విని గొంతు తగ్గించి. నిజమే, చెప్పలేదు. ఆమెను అనడానికి నాకు మొహం లేదు.

నేను ఆ దారం చుట్టిన గ్లాసు తీసుకుని బిందెలో ముంచాను. లసుమవ్వకు ఇచ్చాను.

"అవ్వా, సగం తాగు. ఎత్తి పోసుకోకు. మూతి వెట్టి తాగు."

ఆమె నా వంక చూసింది. తాగింది. మిగతా సగం నేను తీసుకుని, ఆమె పెదవులు ఆనిన చోటే నా పెదవులు ఆనించి, ఆమె ఎంగిలి నీళ్లు చివరి చుక్క దాకా తాగాను. గ్లాసుకు ఉన్న దారం తెంపి పారేశాను.

తేజస్విని మొహం పాలిపోయింది. కాసేపు నన్నే చూస్తూ నిలబడింది, నేను అక్కడే పడిపోతానేమో అన్నట్టు. తర్వాత గడప దాటి వచ్చి, వంగి, పిల్లను అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల నాయనమ్మ మెడలో పూసలు పట్టుకుని గుంజింది. శంకరయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "గురువారం పోదాం తియ్యి," అన్నాడు.

అంతా బాగుపడిందనే అనుకున్నాను. లసుమవ్వ పిల్ల తల నిమురుతూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఈమె ఎవలో. ఎన్నడన్న మన గడప తొక్కిందా? ఈమె మూతి వెడితె నమ్మిండ్రు. ముప్పై ఐదేండ్లు వండి పెట్టిన. నాకేం లేదు, నాకేం లేదని నెత్తి నోరు గొట్టుకున్న. నన్ను నమ్మలె."

సాంచాలు అలాగే ఆడుతున్నాయి. ఆమె నా వైపు తిరిగింది.

"గురువారం నేనొక్కదాన్నే వస్త మేడం. ఎవ్వలు రావద్దు. సంతకం నేనే వెడుత, వెట్టనిస్తరా?"

"వెట్టనిస్తరు అవ్వా," అన్నాను.

శంకరయ్య ఒకడుగు ముందుకేసి, "నేనొస్త లసుమా," అన్నాడు. ఆమె అతని వంక చూడలేదు. కొంగుతో పిల్ల ముక్కు తుడుస్తూ కూర్చుంది.